రిలీవర్ రాని రేవు

భిలాయి ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 6లో గురునాథరావు ఉండే వీధిలో ఇప్పుడు దీపం వెలిగే ఇళ్ళు మూడో నాలుగో. మిగతా క్వార్టర్లకి తాళాలు. కొన్నిటికి తాళాలు కాదు కదా తలుపులే లేవు, లోపల మొలిచిన పిచ్చిమొక్కలు కిటికీల్లోంచి బయటికి తలలు పెట్టి ఉంటాయి. ఒకప్పుడు షిఫ్టు మారే వేళకి ఇదే వీధిలో సైకిల్ గంటలతో చెవులు గింగురుమనేవి. ఇప్పుడు కుక్క మొరిగితే అదే పెద్ద కబురు.

గురునాథరావు బ్లాస్ట్ ఫర్నేస్ కంట్రోల్ రూంలో ఉద్యోగమంతా చేసి రిటైరైన మనిషి. సొంతూరు విజయనగరం అవతల నీలగెడ్డ. పిల్లల్లేరు. భార్య గౌరీదేవి పోయి రెండు వానాకాలాలయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈయనకి ఇంట్లో నోరు తెరిచే పనే ఉండేది కాదు, ఇద్దరి మాటలూ ఆవిడే మాట్లాడేసేది. పోయాక గానీ ఆ మాటల ఖరీదు ఈయనకి తెలిసిరాలేదు. ఒక్కోరోజు పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండానే పొద్దు గుంకేది. అప్పుడు గొంతు పని చేస్తోందో లేదోనని ఊరికే దగ్గి చూసుకునేవాడు పాపం.

అలాంటి మనిషికి మిగిలిన తోడల్లా ఒక్కడే. వాడు కూడా చచ్చి రెండు వందల ఏళ్ళు దాటిన వాడు.

నీలగెడ్డలో చిన్నపిల్లలు ఆటలోంచి మధ్యలో పారిపోతే "పోరా పాత్రుడా" అని వెక్కిరిస్తారు. పాత్రుడంటే పిరికిపంద అన్నమాట ఆ ఊళ్ళో. అసలు మనిషి పేరు బలభద్ర పాత్రుడు, నీలగెడ్డ రాజుగారి సేనాపతి. ఇంగ్లీషు కుంపిణీ వాళ్ళు ఫిరంగులేసుకుని వచ్చినప్పుడు కోట వదిలేశాడు. పది మంది పది రకాలుగా చెప్పుకున్నా, కథ చివర మాత్రం ఒకటే: వాగు దాటే రేవు కాపలా వదిలి పారిపోయాడు, శవం కూడా దొరకలేదు.

గురునాథరావు ఈ మాట నమ్మలేదు. చిన్నప్పుడూ నమ్మలేదు, రిటైరయ్యాక కూర్చుని పాత్రుడి ఆఖరి యుద్ధం మీద ఏకంగా ఒక పుస్తకమే రాయడం మొదలెట్టాడు. అందులో ఆయన వాదన ఇదీ. కుంపిణీ బలం ఫిరంగుల్లో ఉంది. ఫిరంగి కదలాలంటే ఎద్దులు కావాలి, ఎద్దులు లాగాలంటే గట్టినేల కావాలి. కోటలో కూర్చుంటే గోడలు కూలి జనమంతా చచ్చేవారు. అందుకే పాత్రుడు జనాన్ని ముందు కొండల వైపు పంపించి, తను వెనక నిలబడి, శత్రువుని ఇసకలోకీ వానలోకీ లాక్కుపోయాడు. ఒక గెడ్డ దగ్గర, అంటే వాగు దగ్గర, ఆగి కొట్టడం, వాళ్ళు ఫిరంగి దింపేసరికి వెనక్కి జరగడం, మళ్ళీ ఇంకో గెడ్డ దగ్గర ఆగడం. చూసేవాళ్ళకి అది పారిపోవడంలాగే ఉంటుంది మరి! ఆఖరి రేవు దగ్గర మాత్రం, రాజుగారి బావమరిది పటాలంతో వచ్చి రేవు అందుకునే దాకా నిలబడమని పాత్రుడికి ఆజ్ఞ. పాత్రుడు నిలబడ్డాడు. బావమరిది రాలేదు.

ఇక్కడే గురునాథరావుకి గుండె పట్టేసేది. ఎందుకంటే ప్లాంటులో ఆయన బతుకంతా ఆ ఒక్క నియమం మీదే నడిచింది. ఫర్నేస్ ఆగదు. రిలీవర్, అంటే తరవాతి షిఫ్టు వాడు, వచ్చి ఛార్జ్ తీసుకుని "నేను చూసుకుంటాను, నువ్వెళ్ళు" అంటే తప్ప కుర్చీలోంచి లేవకూడదు. రాకపోతే డబల్ డ్యూటీయే. ఇంట్లో పెళ్ళున్నా, జ్వరమున్నా అంతే. ఆ మాట వినపడగానే మెడ నరాలు వదులై, కాళ్ళు తేలికై, మనిషి మళ్ళీ మనిషవుతాడు. పాత్రుడికి ఆ మాట చెప్పిన వాడే లేడు.

ముందుగదిలో పాత డైనింగ్ టేబుల్ మీద శివనాథ్ నది ఇసక పోసి ఆ రేవంతా కట్టుకున్నాడు గురునాథరావు. గెడ్డ పారే చోట వేలితో ఒక పాయ తీశాడు. అవతల ఒడ్డున కుంపిణీ సైన్యం, ఎర్రకోట్లు కాబట్టి గురివింద గింజలు. ఇవతల కొండదారిన పోయే ఆడాళ్ళూ పిల్లలూ చింతపిక్కలు. అవి గౌరీదేవి అష్టాచెమ్మా కోసం దాచుకున్నవి, "నీ యుద్ధానికి నా పిక్కలే దొరికాయా" అని సణుగుతూనే ఇచ్చింది. రేవు మధ్య ఒంటరిగా పాత్రుడు, ప్లాంటు మెషిన్ షాపులో స్నేహితులిచ్చిన ఉక్కు బేరింగ్ గోళీ.

పుస్తకంలో ఒక్క ముడి మాత్రం విడలేదు. పాత్రుడికి ఒక తమ్ముడు. ఆఖరి రోజున ఆ తమ్ముడు కాళ్ళు పట్టుకుని "అన్నా, నువ్వు పో, నేను నిలబడతాను" అన్నాడట. పాత్రుడు అందరి ముందూ వాణ్ణి బూతులు తిట్టి, కొరడా పుచ్చుకుని తరిమేశాడట. చేతికందిన ఒక్క తోడునీ ఎందుకు తరిమేశాడు? సేనాపతిగా అది తప్పు. గురునాథరావు ఎంత ప్రేమగా రాసినా ఆ చోట మాత్రం "ఇది పొరపాటు" అని రాయాల్సొచ్చింది.

క్వార్టరు గడువు అయిపోయింది. మర్నాడు పొద్దున్న చెల్లెలు వనజాక్షి భిలాయి-3 నుంచి వచ్చి ఆయన్ని తన ఇంటికి తీసుకుపోతుంది. ఆ ఇంట్లో కోడలూ మనవలూ, టీవీ, కుక్కరూ, ఎప్పుడూ ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. గురునాథరావు పైకి "నాకేటి, ఎక్కడైనా ఒకటే" అన్నాడు గానీ, లోపల చంటిపిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు. సంచులు రెండు రోజుల ముందే సర్దేసుకున్నాడు. ఆ అరుపుల మధ్య కూర్చుని వేడి అన్నం తినాలని ఆయనకి ప్రాణం లాగేస్తోంది.

సాయంత్రం వాన పట్టుకుంది. కాసేపటికి కరెంటు పోయింది. వీధంతా ఒక్కసారిగా బావిలో పడ్డట్టయింది. గురునాథరావు కొవ్వొత్తి వెలిగించి టేబుల్ దగ్గర కూర్చున్నాడు. రేపు ఈ ఇసకంతా పెరట్లో పారబోయాలి. గోళీ వైపు చూశాడు. తను రేపు మనుషుల మధ్యకి పోతున్నాడు. మరి ఇతను?

ఎవరూ లేని ఇల్లు కదా, గొంతు విప్పి మాట్లాడాడు.

"చాలాసేపు నిలబడ్డారు బాబూ," అన్నాడు గోళీతో. "ఎవరూ రాలేదు మీకోసం. ఇక మీరెళ్ళండి. నేను చూసుకుంటాను."

ముప్ఫై ఏళ్ళ అలవాటు. నోటికి అలా వచ్చేసింది.

కొవ్వొత్తి మంట నిటారుగా నిలబడింది. బయట వాన చప్పుడు ఎవరో తలుపు మూసినట్టు దూరమైపోయింది. అప్పుడు... గదిలో ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు.

భయపెట్టే ఊపిరి కాదది. డబల్ డ్యూటీ చేసినవాడు బెంచీ మీద కూలబడి, బూట్లు విప్పుకుంటూ వదిలే ఊపిరి. గురునాథరావు దాన్ని వెయ్యిసార్లు విన్నాడు. అందుకే వీపు మీద చల్లగా పాకింది.

బురద వాసన. తడిసిన మందుగుండు వాసన. గోళీ తనంతట తనే కదిలింది. ఇసకలో గీత గీస్తూ అంచుదాకా వచ్చి కింద పడింది. గచ్చు మీద దొర్లుకుంటూ... వంటింటి వైపు... పెరటి గుమ్మం వైపు... ఆగింది. తలుపు మూసే ఉంది. అయినా ఆ చప్పుడు తలుపు అవతల మళ్ళీ మొదలై, వానలో కలిసిపోయింది.

"టేబుల్ వాలుగా ఉంది, అంతే," అన్నాడు గురునాథరావు పైకే. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

కొవ్వొత్తి పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి గోళీ కోసం వెతికాడు. లేదు. తిరిగొచ్చి ఇసక వైపు చూసి అలాగే నిలబడిపోయాడు.

గురివింద గింజలు అవతల ఒడ్డున లేవు. నీళ్ళ అంచుకి వచ్చేశాయి. వరస చెదరలేదు. ప్రతి గింజకీ ఉన్న ఆ నల్లటి మచ్చ ఇటువైపే తిరిగి ఉంది.

కుర్చీలో కూలబడ్డాడు. చూస్తూ ఉన్నాడు. అవి కదల్లేదు. కళ్ళు మండి రెప్ప వేశాడు. రెప్ప ఎత్తేసరికి ముందు వరస నీళ్ళలో ఉంది.

నీళ్ళలో... అవును, నీళ్ళే. వేలితో గీసిన ఎండు పాయలో సన్నగా, నల్లగా, నీళ్ళు పారుతున్నాయి.

"అమ్మో," అని లేచాడు. సంచులొద్దు, చెప్పులొద్దు. తలుపు తోసుకుని వరండాలోకి పరిగెత్తాడు. వాన మొహాన కొట్టింది. రెండిళ్ళవతల దీపం కనిపించింది. ఒక్క కేక వేస్తే చాలు.

వెనక గదిలో ఏదో చిట్లింది. చిన్న చప్పుడు, చింతపిక్క కొరికినట్టు. ఆ వెంటనే... చాలా సన్నగా... పసిపిల్ల ఏడుపు.

గురునాథరావు కాళ్ళు ఆగిపోయాయి. పారిపోతే పోవచ్చు, ఎవరడుగుతారు? కానీ ముప్ఫై ఏళ్ళు కుర్చీ వదలని మనిషాయె. ఏడుస్తూనే వెనక్కి వచ్చాడు.

ఒక గురివింద గింజ రేవు దాటేసింది. దాని పక్కనే ఒక చింతపిక్క రెండుగా పగిలి ఉంది. లోపల తడిగా ఉంది. గురునాథరావు కుర్చీ దగ్గరికి లాక్కుని, రేవుకి ఎదురుగా, గోళీ ఉన్న చోటుకి సూటిగా కూర్చున్నాడు. కళ్ళు విప్పార్చి చూశాడు. గింజలు ఆగాయి.

అప్పటికి గానీ ఆయనకి పూర్తిగా బోధపడలేదు. ఛార్జ్ తీసుకున్నాడు. రిలీవర్ లేడు.

ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పాలంటే మాటలు చాలవు. మెడ కొయ్యబారిపోయింది. ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో చూశాడు, అలా వంతులేసుకున్నాడు. గోడ మీద గౌరీదేవి ఫొటో వైపు ఒక్కసారి చూడాలనిపించింది, చూడలేకపోయాడు. "గౌరీ, భయమేస్తోందే," అన్నాడు. బతుకంతా ఆవిడతో అనని మాట అది. బయట వాన ఆగిపోయింది.

తెల్లారాక గేటు దగ్గర ఆటో ఆగింది.

"అన్నయ్యా! ఏటిది, తలుపు బార్లా తీసి ఉంచావు?" అంటూ వనజాక్షి లోపలికి వచ్చింది. అరవై దాటినా చిన్నపిల్లలా గడగడ మాట్లాడే మనిషి. వస్తూనే ఈయన అవతారం చూసి గుండెలు బాదుకుంది. "కళ్ళేటి అలగున్నాయి? రాత్రంతా పడుకోలేదేటి? ఈ ఇసక ముందు కూచున్నావా?"

"చెల్లీ..." అన్నాడు. ఇటు తిరగలేదు. "నువ్వు... బయటికి పో."

"పోవడానికి వచ్చానేటి? సూర్యారావుగారు నీకోసం పొద్దున్నే పవర్ హౌస్ బజారుకి వెళ్ళి వంకాయలు తెచ్చారు. పిల్లలు స్కూలు మానేసి కూచున్నారు, తాతయ్య వస్తాడని." మొగుణ్ణి 'సూర్యారావుగారు' అని పిలవడం ఆవిడ అలవాటు. అన్నగారి భుజం మీద చెయ్యేసింది. వెచ్చటి చెయ్యి. ఎన్నాళ్ళయిందో మనిషి చెయ్యి తగిలి! గురునాథరావుకి కన్నీళ్ళు తిరిగి గింజలు మసగ్గా కనిపించాయి. గబగబా తుడుచుకున్నాడు.

బయట ఆటో అతను సామాను కోసం హిందీలో కేకేశాడు. "దీదీ, సామాన్ కిధర్ హై?"

"ఆతీ హూ భయ్యా! లే అన్నయ్యా, నువ్వెళ్ళి ఆటోలో కూచో. ఇక్కడ ఇల్లూ అదీ..." వనజాక్షి చీర చెంగు నడుముకి దోపుకుంది. "నేను చూసుకుంటాను, నువ్వెళ్ళు."

మెడ వదులైంది.

ఒక్కసారిగా. రాత్రంతా బిగుసుకున్న నరాలు పూసదారం తెగినట్టు వదిలేశాయి. కాళ్ళు తేలికైపోయాయి. అబ్బ, ఎంత హాయి! లేచి నిలబడ్డాడు కూడా. గుమ్మంలోంచి ఎండ కనిపిస్తోంది. వంకాయకూర, పిల్లలు, అరుపులు... రెండడుగులు వేశాడు.

బురద వాసన గుప్పుమంది. తిరిగి చూశాడు.

వనజాక్షి టేబుల్ ముందు నిలబడి ఉంది. మాటలు ఆగిపోయాయి ఆవిడకి. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అలా నోరు మూసుకోవడం ఈయన చూడలేదు. మెడ కొద్దిగా ముందుకి వంగి, బిగుసుకుంటోంది. రెప్ప వెయ్యడం లేదు.

"అన్నయ్యా," అంది మెల్లగా. "ఇవేటి... కదుల్తున్నాయి?"

అప్పుడు తెలిసింది గురునాథరావుకి, పాత్రుడు తమ్ముణ్ణి ఎందుకు తిట్టాడో. కొరడా ఎందుకు పుచ్చుకున్నాడో. పొరపాటు కాదది.

ఒక్క ఉదుటున చెల్లెల్ని రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. తను కుర్చీలో పడ్డాడు.

"ఛార్జ్ నాది! నాదే!" అని అరిచాడు. "నడు బయటికి! నీ కొంపకొచ్చి నీ మొగుడి చేతి ముష్టి కూడు తింటాననుకున్నావా? గౌరి బతికుండగా ఒక్కపూట చూడ్డానికి రాలేదు, ఇప్పుడు క్వార్టరు సామాను కోసం వచ్చావు! పో! నీ మొహం చూపించకు నాకు!"

ఆ మాటల్లో ఒక్కటి నిజం లేదు. గౌరీదేవి మంచం పట్టినప్పుడు ఒళ్ళు తుడిచింది ఈ చెల్లెలే. వనజాక్షి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుమ్మం దాటి, ఏడుస్తూ వెళ్ళిపోయింది. గురునాథరావు పరిగెత్తి గడియ వేసి, మళ్ళీ కుర్చీలో పడ్డాడు. ఆ కాస్తలోనే ఇంకో రెండు గింజలు రేవు దాటాయి.

ఆటో చప్పుడు దూరమైంది. గుండె పిండేసినట్టున్నా ఆయనకి ఒక నిమ్మళం. పోయింది. బతికిపోయింది. ఇంక ఎవరూ రారు. ఎవరూ రాకపోతేనే మంచిది.

టేబుల్ అంచున ఫోన్ మోగింది. చూపు తిప్పకుండా చేత్తో తడిమి నొక్కాడు.

"అన్నయ్యా..." వనజాక్షి గొంతు. ఏడుపు లేదు. "నాకు కోపం లేదులే. ఆయన అంతా చెప్పారు."

"ఎవరు?"

"మీ వీధి మలుపులో నిలబడి ఉన్నారు కదా, పెద్దాయన. పంచె మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. కాళ్ళనిండా ఇసక. ఎంత మర్యాదస్తుడో! ఆటో ఆపించి నాకు దణ్ణం పెట్టారు. 'ఊరూరా నన్ను పిరికివాడన్నారమ్మా, మీ అన్నగారొక్కరే నమ్మారు. నాకోసం ఎవరూ రాలేదు. ఆయనకి ఆ గతి పట్టనివ్వను' అన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారన్నయ్యా."

గురునాథరావు చూపు తిప్పకుండానే ఫోన్ చెవికి అదుముకున్నాడు.

"'మీరు మాట అనేశారు కదమ్మా, రండి' అన్నారు. నిజమే కదా, చూసుకుంటానని అన్నాను కదా నేను. ఆటో వెనక్కి తిప్పించేశాను."

"వద్దు! వనజా, వద్దే! రాకు! తలుపు తియ్యను నేను!"

"తియ్యక్కర్లేదులే," అంది వనజాక్షి. ఫోన్ ఆగిపోయింది.

వీధి మలుపులో ఆటో చప్పుడు. దగ్గరవుతోంది. ఆగింది. గేటు కిర్రుమంది.

లేచి గుమ్మానికి అడ్డం పడదామనుకున్నాడు. ముందు వరస గింజలు నీళ్ళలోంచి ఒడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్నాయి. వాటికి ఎదురుగా ఇవతల ఒడ్డున చింతపిక్కలు, గౌరీదేవి పిక్కలు, గుంపుగా ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఎప్పుడు అలా దగ్గరికి జరిగాయో తెలీదు. కదల్లేకపోయాడు. అరవబోతే గొంతులోంచి గాలి వచ్చింది, అంతే.

పెరటి గుమ్మం వైపు నుంచి అడుగుల చప్పుడు. తడి కాళ్ళు. చప్... చప్... కుర్చీ వెనక ఒక్క క్షణం ఆగాయి. భుజం మీద ఎవరో చెయ్యి వేశారు, మెచ్చుకుంటున్నట్టు, మెల్లగా రెండుసార్లు తట్టారు. చొక్కాలోకి చల్లటి నీళ్ళు దిగాయి. మళ్ళీ ముందుకి... చప్... చప్... తలుపు దాకా.

లోపలివైపు గడియ తీసిన చప్పుడు వినిపించింది.

"అయ్యో, మీరే తీశారా?" అంది వనజాక్షి గుమ్మంలో, ఎవరితోనో. "మీకెందుకండీ శ్రమ."

గురునాథరావు చూపు గింజల మీదే ఉంది. బిగుసుకుపోయిన ఆయన మెడ, ఆయన వద్దంటున్నా, మెల్లగా వదులవ్వడం మొదలెట్టింది.